గనాడో నర్సింగ్ బడి: ఆదివాసీ ఆడబిడ్డలకు వైద్యం నేర్పిన చోటు

మన ఏజెన్సీ పల్లెల్లో జ్వరం వస్తే మొదట తలుపు తట్టేది ఆశా అక్క ఇంటినే. ఆ తర్వాత ఏఎన్‌ఎం, ఆ తర్వాత పీహెచ్‌సీ. ఈ ఆశాలు, ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు ఎక్కడో ఒకచోట పాఠం విని వచ్చిన వాళ్లే. ఆ పాఠం వాళ్లకు ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, వినే పిల్ల ఏ గూడెం నుంచి వచ్చిందో తెలుసుకుని చెప్పారా లేదా అనే సంగతి చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. డాక్టర్ల చరిత్ర ఉంది, మందుల చరిత్ర ఉంది. వైద్యం నేర్పిన పంతుళ్ల చరిత్ర, నేర్చుకున్న ఆదివాసీ విద్యార్థుల చరిత్ర మాత్రం తక్కువ.

అలాంటి చరిత్ర ఒకటి అమెరికాలోని నవాహో ఆదివాసీల నేల మీద నడిచింది. అది మనకు దూరపు దేశం. అయినా అక్కడ వచ్చిన ప్రశ్నలు మన ప్రశ్నలకు చాలా దగ్గరగా ఉంటాయి. అందుకే ఉపాధ్యాయ మిత్రుల కోసం, నర్సింగ్, ల్యాబ్, ఫార్మసీ కోర్సుల్లో చేరుతున్న మన యువత కోసం ఈ వ్యాసం.

నవాహోలు ఎవరు?

నవాహోలు తమను తాము ‘దినె’ అని పిలుచుకుంటారు. అంటే మనుషులు, ప్రజలు అని అర్థం. గోండులు తమను కోయితూర్ అని చెప్పుకున్నట్టే ఇది కూడా. నవాహో అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలు కలిసే చోట సుమారు 70 వేల చదరపు కిలోమీటర్ల ఎర్రమట్టి నేల వాళ్లది. గొర్రెలు, మేకలు పెంచుతారు, జొన్నకంకి లాంటి మొక్కజొన్న పండిస్తారు, ఉన్ని కంబళ్లు నేస్తారు.

1864లో అమెరికా సైన్యం వాళ్ల పంటలు తగలబెట్టి, పండ్లతోటలు నరికి, 8 వేల మందికి పైగా జనాన్ని 450 కిలోమీటర్లకు మించి నడిపించి ఒక బీడు నేలలో నిర్బంధించింది. ఆ నడకను వాళ్లు ఇప్పటికీ ‘సుదీర్ఘ నడక’ అని గుర్తు చేసుకుంటారు. ముసలివాళ్లు, పసిపిల్లలు దారిలోనే రాలిపోయారు. 1868లో ఒప్పందం కుదిరి, మిగిలిన వాళ్లు సొంత నేలకు తిరిగి వచ్చారు. ఆ ఒప్పందంలో ఒక మాట ఉంది: బడి ఈడు పిల్లలు ప్రతి 30 మందికీ ఒక బడి, ఒక పంతులు ఇస్తామని. ఆ మాట చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. ప్రభుత్వం ఇచ్చిన మాట, అందని బడి. ఈ కథ మనకు కొత్త కాదు.

కట్టిన బడులు కూడా పిల్లలను ఊరికి దూరం చేసే హాస్టల్ బడులే. జుట్టు కత్తిరించారు, పేరు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. 1928లో మెరియం నివేదిక అనే పెద్ద పరిశీలన అచ్చయింది. ఆ హాస్టళ్లలో ఒక్కో పిల్లకు రోజుకు తిండి ఖర్చు సగటున 11 సెంట్లేనని, క్షయ, ట్రకోమా అనే కంటి జబ్బు పిల్లల్లో విపరీతంగా ఉన్నాయని అది బయటపెట్టింది. ఆడపిల్లలకు నేర్పేదల్లా బట్టలుతకడం, వంట, కుట్టుపని. నర్సు కావాలనుకున్న ఆదివాసీ పిల్ల వేల మైళ్ల దూరంలోని నగరానికి వెళ్లి, అక్కడ తన రంగుకు, తన మాటకు తలుపు తెరిచే ఆస్పత్రిని వెతుక్కోవాలి. అలా వెళ్లి గెలిచిన వాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. మోంటానాకు చెందిన క్రో తెగ బిడ్డ సూసీ వాకింగ్ బేర్ యెల్లోటెయిల్ 1920ల్లో బోస్టన్ నగరంలో నర్సింగ్ పూర్తి చేసింది. తిరిగి తన జనం మధ్యకు వచ్చి పనిచేసింది. ఆస్పత్రుల్లో ఆదివాసీ స్త్రీలకు జరుగుతున్న అన్యాయాలను బయటికి చెప్పింది.

గనాడోలో బడి మొదలైంది

ఆరిజోనా ఈశాన్య మూలన గనాడో అనే ఊరు ఉంది. గనాడో ముచో అనే నవాహో పెద్దాయన పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. అక్కడి మిషన్ ఆస్పత్రికి 1927లో క్లారెన్స్ సాల్స్‌బరీ అనే డాక్టర్, ఆయన భార్య కోరా వచ్చారు. కోరా నర్సు. ఇద్దరూ అంతకుముందు చైనాలోని హైనాన్ దీవిలో పనిచేసిన వాళ్లు. వాళ్ల కాలంలోనే గనాడోలో సేజ్ మెమోరియల్ ఆస్పత్రి అనే కొత్త భవనం లేచింది. 1930లో ఆ ఆస్పత్రితో పాటు నర్సింగ్ బడి మొదలైంది.

ఆ రోజుల్లో చాలామంది తెల్ల అధికారులు, డాక్టర్లు చెప్పిన మాట ఒకటే: ఆదివాసీ పిల్లలు నర్సులు కాలేరు. లెక్కలు రావు, సైన్సు రాదు, మూడేళ్లు నిలవరు అని. నవాహోల విషయంలో ఇంకో కారణం కూడా చెప్పేవారు. నవాహో నమ్మకంలో చావు చాలా ప్రమాదకరమైన విషయం. ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ ‘హోగన్’ను, అంటే మట్టి, కర్రలతో కట్టిన గుండ్రటి ఇంటిని, వదిలేసి వెళ్లిపోయేవారు. చనిపోయిన మనిషిలోని చెడు అక్కడే తిరుగుతుందని భయం. మరి మనుషులు చనిపోయే ఆస్పత్రిలో నవాహో పిల్ల రాత్రి డ్యూటీ ఎలా చేస్తుంది? శవాన్ని ఎలా ముట్టుకుంటుంది? ఇదీ వాళ్ల వాదన.

గనాడో బడి ఈ వాదనకు జవాబు చెప్పింది. మూడేళ్ల చదువు. పగలు వార్డులో పని, మధ్యలో తరగతులు. శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, మందుల కొలతలు, పథ్యం, బాలింత సేవ, పసిబిడ్డల సేవ అన్నీ మిగతా అమెరికా నర్సులు చదివినవే. సిలబస్‌ను ఆదివాసీ పిల్లల కోసమని తగ్గించలేదు. ఇది గమనించాల్సిన సంగతి. ఆదివాసీల కోసం అని పెట్టిన చాలా బడులు ‘వీళ్లకు ఇంత చాలు’ అనుకున్నాయి. గనాడో అలా అనుకోలేదు. పరీక్ష కూడా ఆరిజోనా రాష్ట్రం అందరు నర్సులకూ పెట్టే పరీక్షే. ఆదివాసీ స్త్రీల కోసం మొదలై, ప్రభుత్వ గుర్తింపు పొందిన మొట్టమొదటి నర్సింగ్ బడిగా అమెరికా చరిత్రలో దానికి స్థానం ఉంది.

1933లో మొదటి జట్టు బయటికి వచ్చింది. ఇద్దరే: అడెల్ స్లివర్స్, రూత్ హెండర్సన్. ఇద్దరూ నవాహో బిడ్డలే. ఇద్దరే కదా అని తీసిపారేయకూడదు. కాలేరు అన్న మాటను కూల్చడానికి ఆ ఇద్దరు చాలు.

ఇక్కడ ఇంకో వాస్తవం కూడా చెప్పుకోవాలి. 1924 చట్టం ఆదివాసీలందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చింది. కానీ ఆరిజోనాలో రిజర్వేషన్ నేల మీద ఉండే ఆదివాసీలకు 1948 దాకా ఓటు వేయనివ్వలేదు. ఆ ఏడాది కోర్టు తీర్పుతోనే ఆ హక్కు వచ్చింది. అంటే 1933లో రాష్ట్ర నర్సు పరీక్ష గెలిచిన నవాహో అమ్మాయి, అదే రాష్ట్రంలో ఓటు వేయడానికి మరో 15 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ప్రాణం కాపాడటానికి పనికొచ్చిన చేయి ఓటు వేయడానికి పనికిరాలేదు.

ఒకే తరగతిలో ఎన్నో భాషలు

ఈ బడి సంగతి తెలిసి నవాహోలే కాక ఇతర తెగల పిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు. దేశంలోని అనేక ఆదివాసీ తెగల వాళ్లు, స్పానిష్ మాట్లాడే కుటుంబాల వాళ్లు, ఆసియా మూలాలున్న వాళ్లు కూడా అక్కడ చేరారు. ఇతర చోట్ల జాతి పేరు చెప్పి తలుపు మూసిన కాలంలో ఇన్ని జాతుల అమ్మాయిలు ఒకే హాస్టల్లో ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఒకే వార్డులో పనిచేశారు. ఆ కాలంలో అది అరుదు.

ఇప్పుడు ఆ తరగతిలో పాఠం చెప్పే టీచరమ్మ స్థానంలో మనల్ని ఊహించుకుందాం. ఎదురుగా ఉన్న పిల్లల్లో కొందరికి ఇంగ్లీషు రెండో భాష, కొందరికి మూడోది. ఒక తెగలో పెద్దల కళ్లలోకి సూటిగా చూడటం మర్యాద తప్పడం. కాబట్టి తల దించుకుని వినే పిల్లను చూసి ‘దీనికి అర్థం కాలేదు’ అనుకుంటే తప్పు టీచరుది. ఒక పిల్ల శవాన్ని చూసి వణికితే అది భయం మాత్రమే కాదు, వాళ్ల ఇంటి ధర్మం. అది మూఢత్వం అని కసిరితే ఆ పిల్ల మర్నాడు ఊరికి వెళ్లిపోతుంది. అలాగని ఆ పని మానేయమంటే నర్సు కాలేదు. రెంటి మధ్య దారి వెతకడమే వైద్యం నేర్పే పంతులు పని. మన ఏఎన్‌ఎం శిక్షణ కేంద్రాల్లో, నర్సింగ్ కాలేజీల్లో పాఠం చెప్పే వాళ్లకు ఇది బాగా తెలుసు. కోయ పిల్ల, లంబాడీ పిల్ల, సవర పిల్ల, మైదానం పిల్ల ఒకే తరగతిలో కూర్చుంటారు. ‘రక్తం ఇవ్వడం’ అన్న మాట ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో రకంగా వినిపిస్తుంది.

గనాడోలో చదివిన పిల్లలు రెండు లోకాల మధ్య వంతెనలయ్యారు. అంతవరకు నవాహో రోగి, తెల్ల డాక్టర్ మధ్య మాట దాటించడానికి దుబాసీ కావాలి. ఆ దుబాసీకి వైద్యం తెలియదు. జబ్బు సంగతి సగమే దాటేది. నవాహో నర్సు వచ్చాక రోగి బాధ పూర్తిగా డాక్టరుకు చేరింది, డాక్టరు మాట పూర్తిగా రోగికి చేరింది.

బడికి ఉన్న పరిమితులు

గొప్పలతో పాటు లోపాలూ చెప్పుకోవాలి. అది మిషన్ బడి. మత ప్రచారం దాని పనిలో భాగం. ఆ కాలపు మిషన్ డాక్టర్లలో చాలామందికి ఆదివాసీ వైద్యుల మీద గౌరవం ఉండేది కాదు. నవాహోల సంప్రదాయ వైద్యం పాటతో, ఇసుక చిత్రాలతో, బంధువులందరి మధ్య రోజుల తరబడి జరుగుతుంది. రోగిని తన వాళ్లతో, తన నేలతో మళ్లీ సరిగ్గా కలపడం దాని ఉద్దేశం. సూక్ష్మజీవిని చంపలేకపోవచ్చు గానీ ఒంటరిగా పడి ఉన్న మనిషికి ధైర్యం ఇస్తుంది. ఈ సంగతిని ఆస్పత్రులు గుర్తించడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంకా పెద్ద లోపం ఒకటి ఉంది. విద్యార్థులు ఆదివాసీలే, కానీ బడి ఆదివాసీలది కాదు. డబ్బు బయటి నుంచి వచ్చేది, నిర్ణయం బయటివాళ్లది. సాల్స్‌బరీ 1950లో గనాడో వదిలి వెళ్లారు, తర్వాత ఆరిజోనా రాష్ట్ర ఆరోగ్య శాఖను నడిపారు. ఖర్చులు పెరిగాయి, నర్సింగ్ బడులకు కొత్త ప్రమాణాలు వచ్చాయి, ఇతర బడులు కూడా అన్ని జాతుల వాళ్లకు తలుపులు తెరవసాగాయి. 1951లో గనాడో నర్సింగ్ బడి మూతపడింది. ఇరవై ఏళ్లలో అది తయారుచేసిన నర్సులు మిగిలారు, బడి మిగల్లేదు. 2009లో ఆ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

మాటలు తయారుచేసిన ఆనీ వౌనేకా

బడి మూతపడిన ఆ 1951లోనే ఇంకో అధ్యాయం మొదలైంది. నవాహో తెగ మండలికి ఆనీ డాడ్జ్ వౌనేకా అనే స్త్రీ ఎన్నికైంది. 1910లో పుట్టిన ఆమె నవాహోల మొదటి తెగ ఛైర్మన్ హెన్రీ చీ డాడ్జ్ కూతురు. 1918లో ప్రపంచాన్ని చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా ఆమె చదివే హాస్టల్ బడినీ తాకింది. 8 ఏళ్ల ఆనీకి జబ్బు తేలికగా వచ్చి పోయింది. జబ్బుపడ్డ పిల్లలకు తిండి పెట్టడంలో బడి నర్సుకు సాయపడింది. ఎంతోమంది పిల్లలు చనిపోవడం కళ్లారా చూసింది.

మండలి ఆమెకు ఆరోగ్యం పని అప్పగించింది. అప్పట్లో నవాహోలను క్షయ తినేస్తోంది. ఆస్పత్రిలో చేర్చిన రోగులు మధ్యలో పారిపోయి ఇంటికి వచ్చేవారు. ఎందుకు పారిపోతున్నారో డాక్టర్లకు అర్థం కాలేదు. ఆనీ ముందు తను చదువుకుంది. ఆస్పత్రులు, ప్రయోగశాలలు తిరిగి క్షయ అంటే ఏమిటో తెలుసుకుంది. తర్వాత హోగన్ హోగన్‌కూ తిరిగి రోగులతో కూర్చుని మాట్లాడింది. అప్పుడు తేలింది: రోగికి ఎక్స్‌రే అంటే ఏమిటో, సూక్ష్మజీవి అంటే ఏమిటో చెప్పడానికి నవాహో భాషలో మాటే లేదు. మాట లేనప్పుడు నమ్మకం ఎలా కలుగుతుంది?

అందుకని డాక్టర్లతో, భాష తెలిసిన వాళ్లతో కలిసి ఇంగ్లీషు వైద్య పదాలకు నవాహో మాటల నిఘంటువు తయారీకి పూనుకుంది. నవాహో భాషలో రేడియోలో ఆరోగ్యం సంగతులు చెప్పింది. సంప్రదాయ వైద్యులను శత్రువులుగా చూడలేదు. వాళ్లనూ కలుపుకుంది. కొన్ని జబ్బులకు మీ పాట, కొన్నిటికి ఆస్పత్రి మందు అని ఒప్పించే ప్రయత్నం చేసింది. 1963లో ఆమెకు అమెరికా ప్రభుత్వం అధ్యక్షుడి స్వేచ్ఛా పతకం ప్రకటించింది. ఆమె చేతిలో నర్సింగ్ బడి లేదు, తరగతి గది లేదు. కానీ ఒక జాతి మొత్తానికి ఆరోగ్య పాఠం చెప్పిన టీచరు ఆమె.

మెనీ ఫార్మ్స్ నేర్పిన పాఠం

అదే కాలంలో మెనీ ఫార్మ్స్ అనే నవాహో ఊళ్లో కార్నెల్ విశ్వవిద్యాలయం డాక్టర్లు ఒక ప్రయోగం చేశారు. 1955లో మొదలై 1962 దాకా నడిచింది. తెగ మండలి సమ్మతితోనే పని మొదలైంది. అక్కడి నవాహో యువతీ యువకులను ఆరోగ్య సందర్శకులుగా తయారుచేశారు. వాళ్లు బండి మీద దూరపు ఇళ్లకు వెళ్లి, జబ్బు చూసి, మందు ఇచ్చి, నర్సుకు, డాక్టరుకు కబురు చేర్చేవారు. మన ఆశా వ్యవస్థ 2005లో వచ్చింది. దానికి 50 ఏళ్ల ముందే ఆ నేల మీద ఇలాంటి పని జరిగింది.

ఫలితం? క్షయ మీద మందులు బాగా పనిచేశాయి. కానీ పసిపిల్లల విరేచనాలు, న్యుమోనియా అనుకున్నంతగా తగ్గలేదు. డాక్టర్లే ఆ సంగతిని దాచకుండా 1972లో అచ్చు వేశారు. కారణం స్పష్టం. మంచినీళ్లు దూరం, ఇల్లు ఇరుకు, చలికి మంట చుట్టూ అందరూ ఒకే గదిలో. సూది మందు నీళ్ల కొరతను తీర్చలేదు. ఆరోగ్య కార్యకర్తకు ఎంత బాగా పాఠం చెప్పినా, ఊరికి కుళాయి రాకపోతే ఆమె మళ్లీ మళ్లీ అదే బిడ్డకు అదే విరేచనాల మందు ఇస్తూ ఉండాలి. డోలీ కట్టి గర్భిణిని మోసుకెళ్లే మన కొండ ఊళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. రోడ్డు కూడా వైద్యంలో భాగమే.

మెనీ ఫార్మ్స్‌కే ఇంకో చరిత్ర ఉంది. నవాహోలు 1968లో సొంతంగా ఒక కాలేజీ పెట్టుకున్నారు. 1969 జనవరిలో మెనీ ఫార్మ్స్‌లోనే దాని తరగతులు మొదలయ్యాయి. ఆదివాసీలు తామే స్థాపించి, తామే నడిపే కాలేజీల్లో అమెరికాలో అదే మొదటిది. ఇప్పుడు దాని పేరు దినె కాలేజీ. దాని తర్వాత ఇతర తెగలూ తమ కాలేజీలు పెట్టుకున్నాయి. గనాడో ఆస్పత్రి కూడా 1974లో నవాహోల ఆధ్వర్యంలోని సంస్థ చేతికి వచ్చింది.

ఈ చరిత్రను వరుసగా పెట్టి చూస్తే మూడు మెట్లు కనిపిస్తాయి. మొదటి మెట్టు, ఆదివాసీ బిడ్డ విద్యార్థి కావడం. రెండోది, తన జనానికి ఉద్యోగి కావడం. మూడోది, తానే పంతులై, తన బడిని తానే నడపడం. గనాడో మొదటి రెండు మెట్లు ఎక్కించింది. మూడోది నవాహోలు తమంతట తామే ఎక్కారు.

మన నేల మీద ఆ మెట్లు

ఈ మూడు మెట్ల సంగతి మన దగ్గర కూడా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూడమంది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. బడి మొదట పంతులుతో మొదలవ్వాలి, ఆ పంతులు మన వాడై ఉండాలి, మాట మన మాటై ఉండాలి అన్న ఆలోచన దాని వెనుక ఉంది. నవాహోల కాలేజీకి 25 ఏళ్ల ముందు మాట ఇది.

తర్వాత ఏమైంది? 2000 సంవత్సరంలో జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు న్యాయాన్యాయాల చర్చ వేరే చేసుకోవచ్చు. కానీ బయటి నుంచి వచ్చిన టీచరు రాకుండా పోయిన రోజుల్లో మూతపడిన బడులు ఏ గూడెం పిల్లవాడికైనా తెలుసు. బడుల్లోనే ఇలా ఉంటే వైద్యం నేర్పే చోట ఇంకెలా ఉంటుంది? మన పిల్లలు నర్సింగ్ చదువుతున్నారు, సంతోషం. నర్సింగ్ చెప్పే ట్యూటర్లలో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చెప్పే వాళ్లలో, ఆశాలకు శిక్షణ ఇచ్చే వాళ్లలో మన వాళ్లు ఎంతమంది అని మనం లెక్క అడగాలి. ఎంఎస్సీ నర్సింగ్ దాకా చదివి తిరిగి పాఠం చెప్పే దారిని మన చెల్లెళ్లకు చూపించాలి.

ఇంకో పని ఎవరి అనుమతీ లేకుండా రేపే మొదలుపెట్టొచ్చు. 2023లో కేంద్రం కొడవలి కణ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. మన గూడేల్లో రక్త పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. కార్డు మీద ‘క్యారియర్’ అని ఉంటుంది. జబ్బు ఉండటం వేరు, జబ్బు లక్షణాన్ని మోయడం వేరు. ఈ తేడా తెలియక పెళ్లి సంబంధాలు చెడిపోయే ప్రమాదం ఉంది. ఈ తేడాను గోండీలో, కోయలో, కోలామీలో, సవరలో, కువిలో ఎలా చెప్పాలి? ఇంగ్లీషు మాటకు తెలుగు మాట పెడితే సరిపోదు. ఊరి పెద్దలతో, వడ్డెలతో, మంత్రసానులతో, ఆశా అక్కలతో కూర్చుని, ఇద్దరు టీచర్లు, నలుగురు విద్యార్థులు కలిస్తే ఒక చిన్న పదాల పుస్తకం తయారవుతుంది. రక్తపోటు, చక్కెర జబ్బు, టీకా, ఆపరేషన్, స్కానింగ్, బరువు తక్కువ బిడ్డ అన్న మాటలకు మన భాషల్లో మాటలు. ఆనీ వౌనేకా మొదలుపెట్టింది ఇక్కడి నుంచే.

ఉపాధ్యాయ మిత్రులారా, తల దించుకుని కూర్చున్న పిల్లకు రాదు అనుకోకండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నర్సు ఉద్యోగం వచ్చిందని అక్కడితో ఆగిపోకండి. ఊళ్లో జబ్బు చూసే వాళ్లు మనలో నుంచి రావడం ఒక గెలుపు. జబ్బు చూడటం నేర్పే వాళ్లు కూడా మనలో నుంచి వచ్చిన రోజు, మన బడిని మూయాలా వద్దా అన్నది ఎక్కడో కూర్చున్న వాళ్లు నిర్ణయించలేరు.